కింద పోర్షన్ ఆంటీ ఇచ్చిన లడ్డు

తిరుపతి నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వద్దంది. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి ఇస్తున్నా.

"ప్రైజ్ ద లార్డ్ అక్కా. నేను బాప్తిస్మం తీసుకుని నాలుగేళ్లయింది. మా ఆయన, మా అత్తమ్మ నమ్ముకోలేదు. కింద పోర్షన్ ఆంటీ కొండకి పోయొచ్చినప్పుడల్లా స్టీల్ డబ్బాలో లడ్డు పెట్టి ఇస్తారు. విగ్రహాలకు పెట్టింది తినకూడదని మా సంఘంలో చెప్పారు. వద్దంటే బాధపడతారని తీసుకుని, తర్వాత చెత్తబుట్టలో వేసేదాన్ని. పోయిన నెల చెత్త బండి వచ్చినప్పుడు ఆంటీ చూసేశారు. అప్పట్నుంచి మాటల్లేవు, ఆమె డబ్బా కూడా మా ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆయన నన్ను నానా మాటలన్నాడు. నేను చేసింది తప్పా? ఇంకొకటి, నేను లాడ్జి రిసెప్షన్లో చేస్తాను, జీతం 14 వేలు. పొద్దున డ్యూటీకి ఎవరొస్తే వాళ్లే స్వామి పటానికి దీపం పెట్టాలి. ఆదివారం సెలవు ఇవ్వరు. దశమ భాగం, అంటే జీతంలో పదో వంతు, సంఘానికి ఇంట్లో తెలియకుండా ఇస్తున్నా. జాతరకి మా మామ వాళ్లింటికి భోజనానికి పిలిచారు, పోవాలా వద్దా తెలియడం లేదు. పలమనేరు దగ్గర మా ఊర్లో అమ్మ కూడా ఇప్పుడు ప్రార్థనకి పోతోంది, రెండు నెలల కింద షుగర్ మాత్రలు ఆపేసింది. విశ్వాసం ఉన్నోళ్లకి మాత్రలెందుకు అన్నారంట."

చూడమ్మా, నువ్వు చివర్లో ఒక్క ముక్కగా రాసిందానికే ముందు చెబుతా. లడ్డు సంగతి వారం ఆగినా ఏం కాదు, షుగర్ ఆగదు. నేను 30 ఏళ్లకు పైగా నర్సుగా చేసి రిటైరయినదాన్ని, కాబట్టి ఈ విషయంలో నా గొంతు కొంచెం పెద్దగా వినిపిస్తే ఏమీ అనుకోకు.

ఇది చదవగానే అమ్మకి ఫోన్ చెయ్యి. రేపు పొద్దున పరగడుపున రక్తపరీక్ష చేయించమను, వీలైతే మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా, ఆ కాగితం పట్టుకుని మాత్రలు రాసిచ్చిన డాక్టరు దగ్గరికే పొమ్మను. ఇంట్లో మిగిలిన పాత మాత్రలు తనంతట తానే మళ్లీ మొదలుపెట్టొద్దు, రెండు నెలల్లో లెక్క మారి ఉండొచ్చు. దాహం ఎక్కువగా ఉందా, రాత్రి మాటిమాటికీ లేస్తోందా, మనిషి తగ్గిందా, కాళ్లకి పుండేమైనా ఉందా అని అడుగు. వాంతులు, మత్తు, ఆయాసం లాంటివి ఉంటే పరీక్షలూ గిరీక్షలూ కాదు, నేరుగా ఆస్పత్రికే. షుగర్‌తో వచ్చిన చిక్కేంటంటే, ఒంట్లో 300 ఉన్నా కొంతమందికి బాగానే ఉన్నట్టుంటుంది, "ప్రార్థనతో తగ్గిపోయింది, చూడు ఎంత హాయిగా ఉన్నానో" అంటారు, లోపల మాత్రం కళ్లూ కిడ్నీలూ నరాలూ చెప్పకుండా పాడవుతుంటాయి. ఉపవాస ప్రార్థన సంగతి కూడా అడుగు. కొన్ని రకాల మాత్రలు వేసుకుని తినకుండా కూర్చుంటే షుగర్ పడిపోయి కూర్చున్నచోటే ఒరిగిపోతారు, నా చేతులతో గ్లూకోజ్ ఎక్కించిన వాళ్లున్నారు. ఉపవాసం ఉండాలనుకుంటే డాక్టర్ని అడిగే ఉండమను.

విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అన్నవాళ్లకి బైబిల్లో ప్రవక్త యెషయా గ్రంథం 38వ అధ్యాయం చూపించు. హిజ్కియా రాజు చావు మంచం మీద ఏడ్చి ప్రార్థన చేశాడు, దేవుడు విన్నాడు, ఇంకో 15 ఏళ్లు ఇస్తానని కబురు పంపాడు. అంతా అయ్యాక అదే అధ్యాయం చివర్లో యెషయా ఏమంటాడో చూడు, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టండి అంటాడు. ప్రార్థన విన్నాక కూడా మందు కట్టారన్నమాట. రోగులకే వైద్యుడు కావాలని యేసుప్రభువే అన్నాడు, తొలినాళ్లలో ఊరూరా సంఘాలు కట్టిన పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. అంత దూరం ఎందుకు, మన చిత్తూరు జిల్లా వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే మొదట గుర్తొచ్చేది వేలూరు సీఎంసీ ఆస్పత్రి కదా. ఆ ఆస్పత్రి ఎలా పుట్టింది? ఒకే రాత్రి ముగ్గురు ఆడవాళ్లు కాన్పు కష్టమై, మగ డాక్టరు ముట్టుకోకూడదని ఇంటివాళ్లు ఒప్పుకోక చనిపోతే, అది చూసి తట్టుకోలేని ఐడా స్కడర్ అనే మిషనరీ డాక్టరు కూతురు అమెరికా పోయి తనూ డాక్టరీ చదివి వచ్చి 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. ఆ రాత్రి ఆమె ప్రార్థన చేయలేదా? చేసింది. చేసి, చదువుకోవడానికి పోయింది. మీ అమ్మకి ఈ కథ చెప్పు, నీ మాట వినకపోయినా కథ వింటుంది.

ఇక లడ్డు.

నాకు 24 ఏళ్లప్పుడు, కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన వేడిలో ఉన్నప్పుడు, వార్డులో ఒక పిల్లవాడు టైఫాయిడ్‌తో చాలా రోజులు పడి ఉండి లేచాడు. డిశ్చార్జి అయ్యాక వాళ్లమ్మ కొండకి పోయి గుండు కొట్టించుకుని, నేరుగా మా వార్డుకే వచ్చింది, రాత్రిపూట తన బిడ్డని చూసుకున్న వాళ్లందరికీ లడ్డు తుంచి పెట్టాలని. నా వంతు వచ్చేసరికి అందరి ముందూ "మేం ఇవి తినం" అన్నాను. అంతే అన్నాను, ఇంకేమీ అనలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ముక్కని కొంగులో కట్టుకుని, "సరే మ్మా, తెలియక ఇస్తిని" అంది. నేను సాక్ష్యం ఇచ్చానని ఆ రోజు చాలా సంతోషపడ్డాను. ఇప్పుడు ఆ గుండు, ఆ కొంగు ముడి గుర్తొస్తే నాకు అన్నం దిగదు. అందుకే నీ మీద కోప్పడే అర్హత నాకు లేదని ముందే ఒప్పుకుంటున్నా.

పౌలు గ్రీసులోని కొరింథు వాళ్లకి రాసిన మొదటి పత్రికలో (పత్రిక అంటే ఉత్తరం) 8, 10 అధ్యాయాలు రెండూ అచ్చంగా నీ సమస్యే. కొరింథు కూడా దాదాపు మన తిరుపతి లాంటి ఊరే అనుకో, గుళ్లు, యాత్రికులు, సరుకులు, పూటకూళ్ల ఇళ్లు. గుడి పక్కనే భోజనాల గదులుండేవి, తవ్వకాల్లో కూడా అలాంటివి బయటపడ్డాయి. బలిచ్చిన మాంసం అంగడికీ వచ్చేది. అలాంటి ఊళ్లో పౌలు ఏడాదిన్నర ఉన్నాడు, డేరాలు కుట్టి బతికాడు. ఆ డేరాలు కొన్నవాళ్లంతా విశ్వాసులేనా అని ఎవరూ అడగలేదు, కాబట్టి యాత్రికుల డబ్బుతో జీతం తీసుకుంటున్నానని నీకు ఎక్కడైనా గుచ్చుకుంటుంటే అది వదిలెయ్యి.

ఆయన ఏమంటాడంటే, అంగట్లో అమ్మింది అడక్కుండా తిను, నమ్మని వాళ్లు భోజనానికి పిలిస్తే పోయి పెట్టింది తిను, ఇది బలి అర్పించింది అని ఎవరైనా చెబితే మాత్రం ఆ చెప్పినవాడి కోసం తినొద్దు. మీ సంఘం వాళ్లు ఈ చివరి మాట పట్టుకునే చెప్పి ఉంటారు, అపొస్తలుల కార్యాలు 15లో పెద్దలు పంపిన ఉత్తరం, ప్రకటన గ్రంథం 2 కూడా వాళ్లకి తోడుంటాయి. అది గాలి మాట కాదు. అలాగని తిన్నవాళ్లంతా నరకానికే అని కూడా లేదు, విగ్రహం వట్టిదే అని 8వ అధ్యాయంలో ఆయనే రాశాడు. నా సంగతి అడిగితే, ఇచ్చినవాళ్ల ముందే చిన్న పలుకు తుంచి నోట్లో వేసుకుంటా, అది నాకు ఒక పొరుగింటావిడ ప్రేమగా తెచ్చిన తీపి. మా చెల్లెలు తినదు. మేమిద్దరం సంఘంలో ఒకే బల్ల దగ్గర, అంటే ప్రభువు భోజనంలో, రొట్టె విరుస్తాం, ఇంతవరకూ ఈ విషయంలో పోట్లాడుకోలేదు (చీరల విషయంలో పోట్లాడుకున్నాం).

నీకు మాత్రం ఇప్పటికి తినొద్దనే చెబుతా. పౌలే రాసిన రోమా పత్రిక 14వ అధ్యాయం చివర్లో ఉంది చూడు, అనుమానంతో తిన్నవాడిది విశ్వాసం కాదని. లోపల గుబులు పెట్టుకుని నలుగురి కోసం మింగితే అది నీకు మంచిది కాదు.

కానీ మ్మా, తినకపోవడం వేరు, చెత్తబుట్ట వేరు. పౌలు తినొద్దన్నాడే గానీ నవ్వుతూ తీసుకుని వెనక పారెయ్యమనలేదు. ఆంటీకి బాధ కలిగించింది నీ విశ్వాసం అని నేననుకోను, ఇన్నాళ్లూ ఆమె ముందు ఒకటి, ఆమె వెనక ఒకటి చేశావని తెలియడం. ఆ క్యూలో ఎన్ని గంటలు నిలబడిందో, ఆ లడ్డులో మీ ఇంటికంటూ ఒకటి పక్కన పెట్టింది. కొరింథు పత్రిక 10వ అధ్యాయం చివర్లోనే యూదులకైనా, గ్రీకు వాళ్లకైనా, సంఘానికైనా అభ్యంతరంగా ఉండొద్దని ఉంది, గ్రీకువాళ్లంటే ఎవరనుకున్నావు, గుడికి పోయే పక్కింటివాళ్లే. ఇంకో మాట కూడా అంటా, కొంచెం గట్టిగానే ఉంటుంది. మీ ఇంట్లో ఉన్నది ముగ్గురు, అందులో ఇద్దరికి అది ప్రసాదమే. వాళ్ల వంతు పారెయ్యడానికి నువ్వెవరు? మీ ఆయన అరిచింది దానికే అయ్యుంటుంది.

పోయి మాట్లాడు. ఫోన్లో కాదు, వాట్సాప్‌లో అసలే కాదు. "ఆంటీ, నాది తప్పు. నేను తిననని మొదట్లోనే మీకు చెప్పాల్సింది, చెప్పే ధైర్యం లేక అలా చేశాను. మా అత్తమ్మకి, మా ఆయనకి ఇవ్వండి, వాళ్లు కళ్లకద్దుకుని తింటారు" అని చెప్పు. మా పాస్టరు గారు చెప్పారు, బైబిల్లో రాసుంది అని మొదలుపెట్టావంటే క్షమాపణ కాస్తా ప్రసంగం అయిపోతుంది. నేను అన్నిసార్లు బైబిలు చూపిస్తున్నది నీకు, ఆమెకి కాదు.

జాతర భోజనం సంగతి లడ్డు కంటే కొంచెం చిక్కే. గంగ జాతరలో వేటను కోసేది అమ్మవారి పేరు మీదే, కొరింథు వాళ్ల కథకి ఇదే ఎక్కువ దగ్గర. పొంగళ్లు పెట్టేచోటికి, మొక్కు తీర్చేచోటికి నువ్వు పోనక్కర్లేదు, అక్కడ నిలబడితే పూజలో పాలు పంచుకున్నట్టే, ప్రభువు బల్ల దగ్గరా ఆ బల్ల దగ్గరా రెండుచోట్లా కూర్చోలేమని పౌలు చెప్పింది దీని గురించే. మామ వాళ్లింటికి పోవడం మాత్రం బంధుత్వం. పో, చీర కట్టుకుని పో, పిల్లల్ని ఎత్తుకో, వంటింట్లో చెయ్యి కలుపు. ఆ కూర వద్దనుకుంటే ముందే మీ అత్తయ్యకి (మామ భార్యకి) ఫోన్ చేసి "నాకు సంగటి, ఏదైనా ఊరిబిండి చాలు అత్తా" అను. ముందురోజు చెబితే వంట, విస్తరి ముందు చెబితే అవమానం. జాతర పేరు చెప్పి అసలు పోకుండా, పెళ్లిళ్లకీ పోకుండా, చావులకీ పోకుండా తిరిగే వాళ్లని చూశాను, ఆఖరికి వాళ్ల గురించి మంచి చెప్పేవాడు ఊళ్లో ఒక్కడు మిగలడు.

లాడ్జిలో దీపం. దీనికి నా దగ్గర సులువైన జవాబు లేదు, నయమాను కథ ఉంది. రాజులు రెండో గ్రంథం 5వ అధ్యాయం. ఆయన సిరియా సేనాపతి, ఎలీషా ప్రవక్త మాటతో కుష్ఠు పోయాక ఇక యెహోవాకే మొక్కుతానన్నాడు, కానీ మా రాజు రిమ్మోను అనే దేవుడి గుడికి పోయినప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, నేనూ వంగాల్సి వస్తుంది, ఈ ఒక్కటీ క్షమించమని అడిగాడు. ఎలీషా ఆయన్ని తిట్టలేదు, ఉద్యోగం మానెయ్యమనలేదు, సమాధానంగా పో అన్నాడు. దీన్ని పట్టుకుని ఏదైనా చేసెయ్యొచ్చని సాగదీసే వాళ్లున్నారు, నేను అంత దూరం పోను. నువ్వు చెయ్యగలిగింది ఏంటంటే, పొద్దున షిఫ్టులో నీతో ఉండే పిల్లనో పిల్లాడినో అడిగి దీపం వాళ్ల చేతికిచ్చి, దానికి బదులు వాళ్లకి విసుగొచ్చే పని, క్యాష్ టాలీ చెయ్యడమో, రాత్రి చెకౌట్ల రిజిస్టరు సరిచూడడమో, నువ్వు తీసుకో. మేనేజరుకి ఒక్కసారి నెమ్మదిగా చెప్పు, దాచొద్దు. లడ్డు దగ్గర ఏమైందో చూశావు కదా. ఒప్పుకోకపోతే అప్పుడు మళ్లీ రాయి, అప్పటి మాట అప్పుడు.

ఆదివారం గురించి ఎక్కువ టెన్షన్ పడకు. తిరుపతి లాడ్జిలో శని, ఆదివారాలు సెలవంటే ఓనరు నవ్వుతాడు. ఆదివారం సెలవు అన్నది రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో పెట్టింది, అంతకు ముందు దాదాపు మూడు వందల ఏళ్లు విశ్వాసులు కూలికి పోతూనే, తెల్లవారకముందో రాత్రిపూటో కూడుకున్నారు. త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే ఐతుకు అనే కుర్రాడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు, పాపం వాడూ పగలంతా పని చేసొచ్చినవాడే అయ్యుంటాడని నా అనుమానం. సాయంత్రం ఆరాధన ఉన్న సంఘం చూసుకో, లేదా వారం మధ్యలో ఇళ్లల్లో పెట్టే కూటానికి పో, నెలకి ఒక ఆదివారం షిఫ్టు మార్చుకో. బల్ల మాత్రం మరీ మరీ తప్పొద్దు.

దశమ భాగం. నీ 14 వేలలో 1400. ఇవ్వొద్దని చెప్పను, చేతులు ముడుచుకున్న విశ్వాసిని నేనూ ఇష్టపడను. నాకు నచ్చనిది "ఇంట్లో తెలియకుండా" అన్న మాట. ఇది కూడా ఆ లడ్డు లాంటిదే మళ్లీ. పదో వంతు తెమ్మనే మలాకీ 3 అందరూ చదువుతారు, ద్వితీయోపదేశకాండం 14 ఎవరూ చదవరు, అక్కడ పదో వంతు పంటలో, మందలో తీసి దేవుని సన్నిధిలో ఇంటిల్లిపాదీ తిని సంతోషించమని, మూడేళ్లకోసారి గుడి సేవ చేసే లేవీయులకీ పరదేశులకీ దిక్కులేని పిల్లలకీ విధవలకీ పెట్టమని ఉంది. కొత్త నిబంధనలో పౌలు శాతం చెప్పలేదు, ఎవరికి వాళ్లు మనసులో నిర్ణయించుకున్నంత, సణుక్కోకుండా, ఉన్నదాని కొద్దీ ఇమ్మన్నాడు. మార్కు 7లో యేసుప్రభువుకి కోపం వచ్చింది దేనికి? అమ్మానాన్నలకి పెట్టాల్సింది కొర్బాను, అంటే దేవుడికి ఇచ్చేశాను అని చెప్పి తప్పించుకునే వాళ్ల మీద. మీ అమ్మ షుగర్ పరీక్షకి డబ్బు లేక కవరులో మాత్రం 1400 పెడితే ఆ అధ్యాయం నీకూ వర్తిస్తుంది. ఈ నెల మీ ఆయన్ని కూర్చోబెట్టి జీతం, అద్దె, చీటీ, అమ్మ మందులు అన్నీ కాగితం మీద రాసి, నేను కానుక ఇంత ఇవ్వాలనుకుంటున్నా అని అడుగు. 300 అన్నా సరే, 500 అన్నా సరే, ఇద్దరికీ తెలిసి ఇచ్చింది. మీ పాస్టరు గారు తక్కువైందేం అంటే అమ్మకి మందులు కొంటున్నా అని చెప్పు. మంచి కాపరి అయితే ఆ మాటకి ఇంకో మాట అనడు.

మీ ఆయన నమ్ముకోలేదని రాశావు. మొదటి పేతురు 3 మొదట్లో, నమ్మని భర్తలు భార్యల నడవడి చూసి వాక్యం లేకుండానే దారికి వస్తారని ఉంటుంది చూడు, నాకు ఆ "వాక్యం లేకుండానే" అన్న రెండు ముక్కలంటే చాలా ఇష్టం. ఆయన ముందు బైబిలు మాటలు కొన్నాళ్లు తగ్గించు.

ఆ స్టీల్ డబ్బా ఖాళీగా తీసుకుపోవద్దు, ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మీ అమ్మ నీకు చిన్నప్పుడే చెప్పుంటుంది. ఊరినుంచి చెనిక్కాయలు వచ్చుంటే ఉడకబెట్టి వేడివేడిగా పెట్టి తీసుకుపో, లేదంటే నాలుగు మామిడిపళ్లు చాలు. సాయంత్రం పోయేటప్పుడు మీ అత్తమ్మని కూడా తోడు తీసుకుపో, తలుపు దగ్గర మాట తడబడితే పెద్దావిడ సర్దుతుంది. ఏ రోజు పోయినా ఫర్వాలేదు గానీ శనివారం వద్దు, ఆంటీ ఒక్కపొద్దు ఉంటారేమో కనుక్కో.